ఆట పాతదే... పేర్లే కొత్తవి!

పన్నెండు బంతులు. ఇరవై ఆరు పరుగులు. ఒకే కీబోర్డు మీద నాలుగు చేతులు. కుర్చీల వెనక నిలబడి సలహాలిచ్చేవాళ్లు మరో అరడజను మంది. సరిగ్గా అప్పుడే కరెంటు పోతుంది! యూపీఎస్ కుయ్యోమంటుంది. ‘సిస్టమ్ ఆపేయండ్రా’ అంటూ కౌంటర్ దగ్గర్నుంచి ఓనరు కేక. మ్యాచ్ ఏమైందో దేవుడికే తెలియాలి!

2007, 2008 వేసవుల్లో అవనిగడ్డ లాంటి ఊళ్లలో నెట్ సెంటర్లకి అలవాటుపడ్డ కుర్రాళ్లెవరికీ ఈ దృశ్యాన్ని ప్రత్యేకంగా పరిచయం చేయక్కర్లేదు. డీఎస్సీ కోచింగ్‌కి పేరుపడ్డ ఊరది. పగలంతా ఫలితాలు, ర్యాంకులు, ప్రింటవుట్లు. పొద్దువాలితే... ‘క్రికెట్ 07’!

ఇప్పుడు ఆ కుర్రాళ్లు ముప్ఫైల్లో ఉన్నారు. ఒకరు మచిలీపట్నంలో, ఒకరు హైదరాబాద్‌లో, ఇంకొకరు అమెరికాలోని డాలస్‌లో. చేతిలో ఖరీదైన ఫోన్లున్నాయి. అయినా ఆ పాత ఆట మాటెత్తితే చాలు, కళ్లు మెరుస్తాయి. అంతేనా... దాని లోపాల చిట్టా కూడా గడగడా చెప్పేస్తారు!

సెహ్వాగే... కానీ కాదు!

ఈఏ స్పోర్ట్స్ సంస్థ 2006 నవంబరులో విడుదల చేసింది ఈ ఆటని. తయారు చేసింది కెనడాలోని హెచ్‌బీ స్టూడియోస్. అట్ట మీద ఇంగ్లండ్ ఆల్‌రౌండర్ ఫ్లింటాఫ్ బొమ్మ. వ్యాఖ్యానం రిచీ బెనో, మార్క్ నికోలస్‌లది. మామూలు కంప్యూటర్‌లో కూడా చక్కగా నడిచేది. ఇద్దరు స్నేహితులు ఒకే కీబోర్డును పంచుకుని పోటీపడొచ్చు. చిన్న ఊళ్లకి చేరడానికి అంతకన్నా ఏం కావాలి!

అయితే ఒక చిక్కుంది. యాషెస్ సిరీస్ హక్కులు కొన్నారు కాబట్టి ఇంగ్లండ్, ఆస్ట్రేలియా ఆటగాళ్ల పేర్లు సరిగ్గా ఉండేవి. మన జట్టు విషయానికొచ్చేసరికి హక్కుల్లేవు. దాంతో పేర్లలో అక్షరాలు అటూ ఇటూ మార్చేశారు. ఓపెనర్‌గా దిగినవాడు నిలబడే తీరూ బాదే తీరూ సెహ్వాగ్‌వే. పేరు మాత్రం ఇంకెవరిదో!

ఆడినవాళ్ల ఫిర్యాదుల్లో మొదటిది ఇదే. ఆ తర్వాతివి... ఒక్కసారి టైమింగ్ పట్టుబడితే ముందుకొచ్చి ఒకటే షాట్‌తో ఓవరంతా సిక్సర్లు కొట్టేయొచ్చు. టెస్టు మ్యాచ్ పెడితే కంప్యూటర్ జట్టుకి ఓపికే ఉండదు, వన్డేలా ఆడి టపటపా అవుటైపోతుంది. కౌంటీ జట్లున్నాయి, ఆస్ట్రేలియా రాష్ట్రాల జట్లున్నాయి, మన రంజీ జట్టు ఒక్కటీ లేదు.

ఇవన్నీ మరుసటి ఏడాది ఆటలో సరిచేస్తారులే అనుకున్నారంతా. ఆ మరుసటి ఏడాది రానేలేదు! ఈఏ క్రికెట్ సిరీస్‌లో కంప్యూటర్, ప్లేస్టేషన్ల కోసం వచ్చిన చివరి ఆట అదే.

అభిమానులే ఆపద్బాంధవులు

కంపెనీ వదిలేసింది. ఆడేవాళ్లు వదల్లేదు! ఆటగాళ్ల జాబితా ఉండే ఫైలును విప్పి అసలు పేర్లు రాశారు. చొక్కాల రంగులు మార్చారు. ముఖాలు అతికించారు. 2008 ఏప్రిల్లో ఐపీఎల్ మొదలైంది. ఆటేమో 2006 నాటిది. అయినా అందులోకి ఎనిమిది ఫ్రాంచైజీలూ వచ్చేశాయి. ఇలా అభిమానులు తయారుచేసినవాటినే ‘ప్యాచ్’లు అంటారు. ఒకరు చేస్తే సీడీల్లో, పెన్‌డ్రైవుల్లో ఊరూరూ చేరేవి.

ఇది ఒక్కసారితో అయ్యే పని కాదు. ఏటా వేలం జరుగుతుంది. ఆటగాళ్లు జట్లు మారతారు. 2009లో కప్పు గెలిచిన దక్కన్ చార్జర్స్ 2012 తర్వాత కనుమరుగైంది, 2013లో సన్‌రైజర్స్ వచ్చింది. మార్పు జరిగిన ప్రతిసారీ ఎవరో ఒకరు కూర్చుని పేర్లన్నీ మళ్లీ సరిచేశారు. జీతం లేదు, పైసా లాభం లేదు. తమ జట్టు తెర మీద సరిగ్గా కనిపించాలి... అంతే!

అమెరికాలోనూ అదే కథ

విచిత్రమేంటంటే, సరిగ్గా ఇలాంటి కథే అమెరికాలోనూ జరిగింది. అదే కంపెనీ. ఆట మాత్రం కాలేజీ ఫుట్‌బాల్. మనకు తెలిసిన కాలిబంతి కాదిది. కోలగా ఉండే బంతిని చేతపట్టుకుని, అడ్డొచ్చినవాళ్లను తోసుకుంటూ పరుగెత్తే ఆట. కాలేజీ కుర్రాళ్ల ఆటే కదా అని తీసిపారేయకండి. మిషిగన్ యూనివర్సిటీ స్టేడియంలో ఒకేసారి లక్షమందికి పైగా కూర్చుని చూస్తారు!

ఆ ఆటకి ఈఏ ఏటా ఓ వీడియోగేమ్ తెచ్చేది. ఏటా ఎందుకంటే... ఆడేది విద్యార్థులు. చదువైపోతే వెళ్లిపోతారు, కొత్తవాళ్లు వస్తారు. నిరుటి జట్టు ఈ ఏడు ఉండదు. అభిమానికి కావాల్సింది ఈ ఏటి జట్టు.

ఆ విద్యార్థులకు అప్పట్లో ఆట మీద పైసా తీసుకునే హక్కు లేదు. అందుకని గేమ్‌లో వాళ్ల పేర్లు వేసేవారు కాదు. చొక్కా నంబరు, ఎత్తు, ఒంటిరంగు మాత్రం అచ్చుగుద్దినట్టు వాళ్లవే. మన సెహ్వాగ్ కథేగా!

2009లో ఎడ్ ఒబానన్ అనే మాజీ బాస్కెట్‌బాల్ ఆటగాడు కోర్టుకెక్కాడు. 1995లో యూసీఎల్‌ఏ జట్టును చాంపియన్‌గా నిలిపినవాడు. కాలేజీ బాస్కెట్‌బాల్ వీడియోగేమ్‌లో తనలాంటి బొమ్మే ఆడుతుండటం చూశాడు. దానికి అతడిని ఎవరూ అడగలేదు, ఎవరూ పైసా ఇవ్వలేదు. ఫుట్‌బాల్ గేమ్‌పై శామ్ కెల్లర్ అనే మాజీ ఆటగాడూ అదే ఏడాది దావా వేశాడు. కేసులు ముదిరాయి. 2013 జులైలో వచ్చిన ‘ఎన్‌సీఏఏ ఫుట్‌బాల్ 14’తో ఆ సిరీస్ ఆగిపోయింది. 2014లో ఈఏ, కాలేజీల లైసెన్సులు చూసే సంస్థ కలిసి 4 కోట్ల డాలర్లు చెల్లించేందుకు రాజీకొచ్చాయి. కాలేజీ క్రీడల్ని నడిపే ఎన్‌సీఏఏ మరో 2 కోట్ల డాలర్లకు ఒప్పుకుంది.

ఆ తర్వాత పదకొండేళ్లు కొత్త గేమ్ లేదు. మరి అక్కడి అభిమానులేం చేశారు? అవనిగడ్డ కుర్రాళ్లు ఏం చేశారో అదే! పాత గేమ్‌నే పట్టుకుని, ఏటేటా పేర్లు మార్చుకుంటూ, కొత్త చొక్కాలు తొడుగుతూ ఆడుకున్నారు.

ఆరొందల డాలర్ల పేరు

2021 జులైలో నిబంధన మారింది. తమ పేరు, రూపం మీద విద్యార్థులు సంపాదించుకోవచ్చన్నారు. దాంతో 2024 జులైలో ‘కాలేజీ ఫుట్‌బాల్ 25’ వచ్చింది. పేరు వాడుకోనిచ్చినందుకు ఒక్కొక్కరికీ 600 డాలర్లు, గేమ్ ఒక కాపీ. పదివేల మందికి పైగా సరేనన్నారు. టెక్సస్ జట్టు క్వార్టర్‌బ్యాక్ ఆర్చ్ మానింగ్ మాత్రం మొదట కాదన్నాడు, తర్వాత ఒప్పుకున్నాడు. కాదనే హక్కు ఉండటమే అసలు మార్పు!

ఆడినవాళ్లేమన్నారు? మెచ్చుకున్నవాళ్లంతా దాదాపు ఒకటే చెప్పారు. 134 కాలేజీ జట్లూ ఉన్నాయి, ఎవరి స్టేడియం వాళ్లది, ఎవరి పాట వాళ్లది. చిన్న కాలేజీని తీసుకుని ఏళ్ల తరబడి సాకి చాంపియన్‌ని చేయొచ్చు. తిట్టినవాళ్లకీ కారణాలున్నాయి. ఏటా 70 డాలర్లు పోసి కొనాలి, తీరాచూస్తే పేర్లూ నంబర్లూ తప్ప కొత్తదనం ఎంత... అన్నది ఏటా వచ్చే ప్రతి క్రీడా గేమ్‌కీ తప్పని ప్రశ్న. 2025 జులైలో ‘కాలేజీ ఫుట్‌బాల్ 26’ వచ్చినప్పుడూ అదే చర్చ. అయినా కొంటారు. ఎందుకంటే అందులో తమ కాలేజీ ఉంది!

మరి మన జట్టేదీ?

అమెరికా వెళ్లిన మన పిల్లలకి ఇక్కడో సరదా చిక్కు. తెలుగు విద్యార్థులు పెద్దసంఖ్యలో చేరే యూనివర్సిటీల్లో టెక్సస్-డాలస్ ఒకటి. దానికి గేమ్‌లోకెక్కే ఫుట్‌బాల్ జట్టే లేదు! సెంట్రల్ మిస్సోరికి జట్టుంది కానీ అది రెండో డివిజన్, గేమ్‌లోకి రాదు. డెంటన్‌లోని నార్త్ టెక్సస్‌లో చదివినవాళ్లు మాత్రం దర్జాగా తమ జట్టుతో ఆడుకోవచ్చు.

ఇక ఇక్కడ... ఆంధ్రా జట్టు 1953 నుంచీ రంజీ ఆడుతోంది. భారత తొలి టెస్టు కెప్టెన్ సీకే నాయుడి పూర్వీకులది మచిలీపట్నమే. అయినా ‘క్రికెట్ 07’లో మన జట్టుకి చోటు దొరకలేదు. ఇప్పుడు ఫోన్లలో మన దేశంలో తయారైన ఆటలే ఉన్నాయి. చెన్నై సంస్థ నెక్స్ట్‌వేవ్ రూపొందించిన ‘వరల్డ్ క్రికెట్ చాంపియన్‌షిప్’ అలాంటిదే. నెట్ సెంటర్‌కి వెళ్లే పనిలేదు, కరెంటు పోతుందన్న భయం లేదు.

కానీ ఆడేవాళ్లు అడిగేది ఆనాడూ ఈనాడూ ఒకటే. గ్రాఫిక్స్ కొంచెం తగ్గినా సర్దుకుంటారు. తెర మీద కనిపించేది తమ జట్టయి ఉండాలి. పేరు సొంతదై ఉండాలి. ఆ పేరుగల ఆటగాడికి దక్కాల్సింది దక్కాలి. ఈ మూడూ కుదిరిన గేమ్‌ని ఏటా డబ్బిచ్చి కొంటారు. కుదరకపోతే పాతదాన్నే తీసి దులిపి, పేర్లు మార్చుకుంటారు.

అన్నట్టు, అలా పేర్లు మార్చే పనిలో కుర్రాళ్లు చేసే మరో చిలిపి పనుంది. సచిన్, సెహ్వాగ్, ద్రవిడ్... అంటూ పదిమందిని వరసగా సరిచేసేవారు. పదకొండో చోట మాత్రం తమ పేరే రాసుకునేవారు!