పాత్రల పంపకంలో న్యాయం

నాటకం ఆడదలచిన సమాజంలో మొదటి తగవు నాటకాన్ని గురించి రాదు, పాత్రలను గురించి వస్తుంది. సంగారెడ్డి, పటాన్‌చెరు, రామచంద్రాపురం ప్రాంతాలలో ఈ తగవుకు ఒక ప్రత్యేకత ఉన్నది. ఇచ్చటి ఔత్సాహిక నటులలో పలువురు ఒకే కర్మాగారంలో ఒకరి క్రింద ఒకరు పనిచేసేవారు. మేనేజరుగారు ధర్మరాజు వేషం కోరితే ఫిట్టరు కాదనగలడా?

కొన్ని సంవత్సరాల క్రితం ఒక కార్మిక నాటక సమాజంవారు పాత్రల ఎంపికకు నన్ను పిలిచినారు. మెదక్ పల్లెల నుండి వచ్చిన యువకుడొకడు తండ్రి పాత్ర సంభాషణ చదివినాడు. కంఠంలో దుఃఖమున్నది, తొందర లేదు. ప్రక్కనున్న పెద్దమనిషి నా చెవిలో, "బాగానే చదివినాడు గాని, యాస ఉన్నదండీ, నౌకరు వేషమిద్దాం" అన్నారు. నాటకంలోని ఆ తండ్రి మెదక్ ప్రాంతపు రైతే! ఆ పాత్రను కృష్ణాతీరపు పలుకుబడిలో చదివిన మరొకరికి యాస ఉన్నదని ఎవరికీ తోచలేదు. నేనూ ఆనాడు గట్టిగా వాదించలేదు.

రేడియోలో పనిచేసేవారికి ఈ చిక్కు కొంత తెలుసు. బి.వి.కేస్కర్ 1952 నుండి 1962 వరకు కేంద్రంలో ప్రసారశాఖ మంత్రిగా ఉన్నారు. ఆ కాలంలోనే ఆకాశవాణిలో సంగీత కళాకారులకు ఆడిషన్ పద్ధతి స్థిరపడినది. పేరున్న విద్వాంసులలో కొందరు దానిని అవమానంగా భావించి నిరసించినారు. 1952లోనే అమెరికాలో బోస్టన్ సింఫనీ వాద్యబృందం అభ్యర్థులను తెర వెనుక వాయింపజేసి విన్నది. మనిషి కనబడకపోతే హోదా, బంధుత్వం, వేషభాషలలో కనీసం వేషమైనా మరుగున పడుతుంది. భాష మాత్రం పడదు. తెర ముఖాన్ని దాచగలదు గాని యాసను దాచలేదు.

కనుక తెరకంటె ముందు కావలసినది మరొకటి ఉన్నది. ఈ పాత్రకు ఏమి కావలెనో ఎంపికకు పూర్వమే వ్రాసి పెట్టుకోవడం. పద్యం రాగయుక్తంగా పాడవలెనా? ఏ ప్రాంతపు మాట కావలె? వయస్సు ఎంత కనబడవలె? ఇవి ముందే కాగితంపై ఉంటే, ఎవరో నచ్చిన తరువాత కారణాలు వెదకే అలవాటు తగ్గుతుంది. అందరికీ ఒకే సంభాషణ ఇచ్చి, చదువుకొనడానికి సమాన వ్యవధి ఇవ్వవలె. మొదట కంఠం మాత్రమే విని, తరువాత నడక, అభినయం చూడవచ్చును. పాత్ర కోరుకున్నవారు ఆనాడు నిర్ణేతలలో కూర్చోరాదు, మేనేజరుగారైనా సరే.

రూపం చూచి తేల్చివేయడం కూడా ప్రమాదమే. స్థానం నరసింహారావుగారు సత్యభామగా, మధురవాణిగా మెప్పించినారు. 1956లో పద్మశ్రీ పొందినారు. ఆ ప్రతిభ నిజమే. అయితే ఆ రోజులలో స్త్రీలకు నాటకరంగం తలుపులు చాలవరకు మూసియుండినవన్నదీ నిజమే. బళ్ళారి రాఘవగారు స్త్రీ పాత్రలకు స్త్రీలే రావలెనని పట్టుబట్టినది అందుకే. నేటికీ కొన్ని సమాజాలు నటీమణిని నగరం నుండి పారితోషికమిచ్చి పిలుస్తాయి. తమ కాలనీలోని స్త్రీలను ఒక్కసారి అడిగి చూడవు.

ఈ ప్రాంతానికి సమీపంలోనే, శేరిలింగంపల్లిలో సురభి కళాకారుల కాలనీ ఉన్నది. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో 'కీచకవధ'తో మొదలైన ఆ కుటుంబ రంగస్థలంలో పాత్రలు పెద్దల మాటపై నడిచినా చెల్లుతుంది. బాల్యం నుండి అందరూ అందరినీ వేదికపై చూచినవారే గదా! ఆదివారం కలుసుకొనే సమాజానికి ఆ పరిచయం ఎక్కడిది?

ఇక వేళ సంగతి. రెండవ షిఫ్టువారు మధ్యాహ్నం రెండు గంటలకు లోపలికి పోతే రాత్రి పదింటికి గాని బయటికి రారు. సాయంత్రం ఆరింటికి ఎంపిక పెడితే వారిని రావద్దన్నట్లే. వేర్వేరు వేళలలో రెండు దినాలు కేటాయించడం కష్టం కాదు. ఫలితాన్ని చెవిలో చెప్పక, నోటీసు బోర్డుపై అందరికీ ఒకేసారి తెలుపవలె. ప్రతి ముఖ్యపాత్రకూ రెండవ నటుని పేరు కూడా వ్రాయవలె. షిఫ్టు మారిన దినాన వేషం కట్టవలసినవాడు అతడే.