డోపమైన్ ఆనందానికేనా?

రీల్స్ వదల్లేకపోయినా, మిఠాయి మీద మనసు పోయినా ఈమధ్య అందరూ డోపమైన్ పేరే చెబుతున్నారు. ఆ పేరుతోపాటే అపోహలూ పాకాయి.

అపోహ: డోపమైన్ అంటే ఆనందాన్నిచ్చే హార్మోన్.

వాస్తవం: ఆనందం కంటే కోరికతో, కదలికతోనే దానికి ఎక్కువ సంబంధం. అమెరికాలో కెంట్ బెరిడ్జ్ బృందం ఎలుకల మెదడులో డోపమైన్‌ను దాదాపు పూర్తిగా తొలగించి చూసింది. ఎదురుగా తిండి ఉన్నా అవి తినలేదు. నోట్లో తీపి చుక్క వేస్తే మాత్రం మామూలు ఎలుకల్లాగే మూతి నాకుతూ ఇష్టం చూపాయి. రుచి తెలుస్తూనే ఉంది, పోయింది తినాలన్న తపన.

కదలిక సంగతి అంతకంటే చాలా ముందే తేలింది. 1957లో స్వీడన్ శాస్త్రవేత్త అర్విడ్ కార్ల్‌సన్ బృందం కుందేళ్లకు రెసర్పిన్ ఇచ్చింది. అది మన సర్పగంధ వేళ్లలో దొరికే పదార్థమే. కుందేళ్లు కదలకుండా పడిపోయాయి. డోపమైన్‌కు ముడిసరుకైన డోపా ఎక్కించాక మళ్లీ లేచి తిరిగాయి. పార్కిన్సన్స్ జబ్బుకు నేటికీ ప్రధాన మందు ఆ డోపా రూపమే, ఎల్-డోపా. కార్ల్‌సన్‌కు 2000లో నోబెల్ వచ్చింది.

అపోహ: అరటిపండు తింటే మెదడులో డోపమైన్ పెరుగుతుంది.

వాస్తవం: అరటిలో డోపమైన్ ఉన్న మాట నిజమే. కానీ రక్తంలోని డోపమైన్‌ను మెదడు రక్తనాళాల గోడలు లోపలికి రానివ్వవు. దానికి ముడిసరుకైన ఎల్-డోపా మాత్రం వాటిని దాటగలదు. దూలగొండి గింజల్లో అది సహజంగానే ఉంటుంది. అలాగని ఆ పొడి కొని సొంతంగా వాడితే ఒంట్లోకి ఎంత మందు పోతోందో తెలియదు. అది ప్రమాదం.

అపోహ: డోపమైన్ పని మెదడుకే పరిమితం.

వాస్తవం: కాదు. మూత్రపిండాలు ఉప్పును బయటికి పంపడానికీ అది తోడ్పడుతుంది. ఐసీయూలో రక్తపోటు పడిపోయిన కొందరికి డోపమైన్‌నే నరంలోకి ఎక్కిస్తారు.

అపోహ: పెద్దవాళ్ల నడక మందగిస్తే అది వయసు ప్రభావమే.

వాస్తవం: నన్ను ఎక్కువగా బాధపెట్టే అపోహ ఇది. నడిచేటప్పుడు ఒక చెయ్యి ఊగకపోవడం, చేతిరాత చిన్నదైపోవడం, ముఖంలో భావాలు తగ్గడం పార్కిన్సన్స్ తొలి గుర్తులు కావచ్చు. జబ్బు బయటపడేసరికే డోపమైన్ తయారుచేసే కణాలు చాలావరకు నశించి ఉంటాయి. ఇంట్లో ఎవరిలోనైనా ఈ మార్పులు కనిపిస్తే బద్ధకమని విసుక్కోకండి, న్యూరాలజిస్టుకు చూపించండి. మందు మొదలుపెట్టాక డాక్టరును అడగకుండా ఒక్కసారిగా మానేయనివ్వకండి.