ఓడల జాతకాల పుస్తకం

"ఇది ఏ-వన్ సరుకండీ!" అని దుకాణదారు అనటం మీరు వినే ఉంటారు. ఆ మాట పుట్టింది దుకాణంలో కాదు, ఓడల పుస్తకంలో.

1688 ప్రాంతంలో లండన్ నగరంలో ఎడ్వర్డ్ లాయిడ్ అనే ఆయన కాఫీ దుకాణం నడిపేవాడు. కప్తానులూ, వర్తకులూ అక్కడ చేరి, ఏ ఓడ రేవు చేరిందీ, ఏది మునిగిందీ చెప్పుకునేవారు. ఓడలకు భీమా కూడా అక్కడే జరిగేది. "ఈ ఓడ మునిగితే ఇంత సొమ్ము నేనిస్తాను" అని ఒప్పుకున్నవాడు కాగితం అడుగున సంతకం చేసి, అందుకు ముందుగా రుసుము పుచ్చుకునేవాడు.

అయితే ఓడ పైరంగు చూసి దాని బలం ఎలా తెలుస్తుంది? నీటి కింద పలకలు పుచ్చి ఉండవచ్చు, లంగరు తాళ్ళు చివికి ఉండవచ్చు. యజమానిని అడిగితే "నా ఓడ ఉక్కుముక్క" అనక మరేమంటాడు?

అందుచేత భీమా చేసేవాళ్ళు 1760లో ఒక సంఘం పెట్టుకున్నారు. లాయిడ్ అప్పటికి లేడు గాని, ఆయన పేరు నిలిచింది. ఆ సంఘం 1764లో "రిజిస్టరు" అచ్చువేసింది. ఓడ పేరు, కప్తాను పేరు, కట్టిన ఊరు, కట్టిన సంవత్సరం, ఎందరు నావికులు, ఎన్ని ఫిరంగులు - అన్నీ అందులో ఉండేవి. ఆ రోజుల్లో వర్తకపు ఓడలకు కూడా ఫిరంగులు కావాలి మరి! వీటన్నిటికంటె ముఖ్యమైనది ఓడ తరగతి. కట్టుబడి అన్నిటికన్న మంచిదైతే 'ఏ', ఆ తరవాత 'ఇ', 'ఐ', 'ఓ', 'యు'. తాళ్ళు, లంగరు మొదలైన సామాగ్రికి వేరే గుర్తు. కొన్నేళ్ళకు ఆ గుర్తు అంకె అయింది. కట్టుబడి 'ఏ', సామాగ్రి '1' అయితే ఏ-వన్! ఈ గుర్తు 1775-76 పుస్తకంలో కనిపిస్తుంది.

తరవాత ఒక తగువు వచ్చింది. ఓడ ఎంత గట్టిగా ఉన్నా, దాని వయసును బట్టీ, కట్టిన ఊరును బట్టీ తరగతి ఇవ్వసాగారు. లండన్‌లో కట్టినవాటికి ఎక్కువ మర్యాద! బాగా మరమ్మతు చేయించుకున్న యజమానికి ఒళ్ళు మండదూ? 1799లో యజమానులు పోటీగా తమ పుస్తకం వేశారు. భీమావారిది ఆకుపచ్చ అట్ట, వీరిది ఎర్ర అట్ట. రెండు పుస్తకాలకూ నష్టమే వచ్చింది. చివరకు 1834లో రెండు పక్షాలూ కలిసి ఒకే సంఘమైనాయి. ఓడను పరీక్షకులు స్వయంగా చూసి, నియమాల ప్రకారం తరగతి నిర్ణయించాలన్నారు.

ఇంతచేసినా ఒక అన్యాయం మిగిలిపోయింది. ఓడ మునిగితే యజమానికి భీమా సొమ్ము వస్తుంది. మునిగిన నావికుడు తిరిగి రాడు. కొందరు యజమానులు మోయలేనంత సరుకెత్తి ఓడల్ని పంపేవారు. సామ్యూల్ ప్లిమ్సాల్ అనే పార్లమెంటు సభ్యుడు దీనిమీద పోరాడాడు. ఓడ ప్రక్కన గీత ఉండాలనీ, నీళ్ళు ఆ గీత దాటేలా సరుకు ఎత్తరాదనీ 1876లో చట్టమైంది. కాని గీత ఎక్కడ గీయాలో యజమాని ఇష్టానికే వదిలేశారు! 1890లో గాని ఆ లోపం సవరించలేదు.

విశాఖపట్నం రేవుకు వెళితే సరుకు ఓడల ప్రక్కన చూడండి. ఒక వలయం, దాని మధ్యగా అడ్డగీత ఉంటాయి. ఆ గీత ఎక్కడుండాలో నిర్ణయించిన సంఘం అక్షరాలు వలయానికి అటూ ఇటూ ఉంటాయి. 'ఎల్', 'ఆర్' అని ఉంటే లాయిడ్స్ రిజిస్టరు. 'ఐ', 'ఆర్' అని ఉంటే 1975లో మన దేశంలో ఏర్పడిన ఇండియన్ రిజిస్టర్ ఆఫ్ షిప్పింగ్.