స్టీలు గిన్నెకు కనబడని కవచం

మా చిన్నతనంలో ఇత్తడి గిన్నెలకు తరచు కళాయి పూయించవలసి వచ్చేది. కళాయి అరిగిన గిన్నెలో పులుసు నిలవ ఉంటే చిలుమెక్కి, పారబోయక తప్పేది కాదు. నేడు చింతపండు పులుసును స్టీలు గిన్నెలో కాచి, రాత్రంతా ఉంచినా రుచి చెడదు. దీనికి కారణమేమిటి?

ఉక్కులో ప్రధానమైనది ఇనుము. తేమ, ప్రాణవాయువు సోకితే ఇనుము తుప్పు పట్టుతుంది. అందులో కనీసం 10.5 శాతం క్రోమియం కలిపితే పరిస్థితి మారుతుంది. క్రోమియం ప్రాణవాయువుతో కలిసి, ఉపరితలంపై కొద్ది నానోమీటర్ల మందం గల ఆక్సైడు పొరగా ఏర్పడుతుంది. వెంట్రుక మందంలో అది పదివేలవ వంతైనా ఉండదు. గీత పడినా, గాలి తగిలితే పొర తనంతట తానే తిరిగి ఏర్పడుతుంది. 1913లో షెఫీల్డు నగరంలో హ్యారీ బ్రెయర్లీ ఇటువంటి ఉక్కును తయారుచేశారు. గిన్నెల అడుగున కనబడే 18/8 అనే గుర్తుకు సుమారు 18 శాతం క్రోమియం, 8 శాతం నికెల్ అని అర్థం.

అయితే ఈ కవచానికి ఒక శత్రువున్నది. అది ఉప్పు. ఉప్పులోని క్లోరైడు అయానులు పొరను అక్కడక్కడ ఛేదించి, సన్నని గుంటలు చేస్తాయి. ఈ దేశానికి వచ్చిన కొత్తలో, అమ్మ తన పేరు చెక్కించి ఇచ్చిన స్టీలు డబ్బాలో ఆవకాయ నిలవ చేశాను. కొన్ని నెలలకు డబ్బా అడుగున సూదిమొన లంతటి గుంటలు కనిపించాయి. తప్పు ఉక్కుది కాదు, రసాయన శాస్త్రం చదివిన నాది!

కనుక ఊరగాయలను జాడీలోనో గాజు సీసాలోనో ఉంచండి. నీళ్ళు మరిగిన తరువాతనే ఉప్పు వేసి కలపండి. స్టీలు కంటె అల్యూమినియం సుమారు పదిహేను రెట్లు బాగా వేడిని ప్రసరింపజేస్తుంది. అందుచేత అడుగున అల్యూమినియం లేదా రాగి పొర గల గిన్నెలను ఎన్నుకుంటే కూర మాడదు. పుల్లని వంటకాలను ఎక్కువసేపు ఉడికిస్తే, ముఖ్యంగా కొత్త గిన్నెలలో, స్వల్పంగా నికెల్ దిగుతుంది. సామాన్యులకు దీనివలన ఇబ్బంది లేదు. నికెల్ పడనివారు మాత్రం వైద్యుని సలహా తీసుకోవాలి.

ఆ డబ్బాలో ఇప్పుడు కందిపప్పు పోసుకుంటున్నాము. అమ్మ పేరు చెక్కుచెదరలేదు. మా పిల్లలు తెలుగు అక్షరాలను కూడబలుక్కుని చదివినది మొదట ఆ పేరునే.