నాన్నగారి అరికాలి మచ్చ

పాతికేళ్లుగా అమెరికాలో బయాప్సీ ముక్కల్ని మైక్రోస్కోపు కింద చూసి క్యాన్సరా కాదా చెప్పడమే నా ఉద్యోగం. చర్మ క్యాన్సర్ మీద రాయాలనుకోగానే నాకు గుర్తొచ్చింది కోనసీమలో మా నాన్నగారి కుడి మడమ.

రోళ్లు పగిలే రోహిణి కార్తె ఎండలో కూడా నాన్నగారు తలకు తువ్వాలు చుట్టుకుని చేలో తిరిగేవారు. ఆ ఎండకి మన ఒంటిరంగే గొడుగు. అతినీలలోహిత కిరణాలు చర్మకణాల్లోని డీఎన్ఏని దెబ్బతీస్తాయి. ఒంటికి రంగునిచ్చే మెలనిన్ ఆ కిరణాల్లో చాలా భాగాన్ని పైపొరలోనే ఆపేస్తుంది. ఆ మెలనిన్ ఎంత ఉండాలో నిర్ణయించేది జన్యువులు. మన దేశంలో ఒకరు పచ్చగా, ఒకరు చామనఛాయగా ఉండడానికి ఎస్ఎల్‌సీ24ఏ5 అనే జన్యువు ఒక ముఖ్య కారణమని మన హైదరాబాద్ సీసీఎంబీ శాస్త్రవేత్తలు 2013లో చూపించారు. ఆస్ట్రేలియా ఎండలో స్థిరపడ్డ తెల్లవారితో పోలిస్తే మనకి చర్మ క్యాన్సర్ చాలా అరుదు.

దెబ్బతిన్న డీఎన్ఏని బాగుచేసే జన్యువులు వేరే ఉన్నాయి. వాటిలో ఒకటి తల్లి నుంచీ తండ్రి నుంచీ కూడా పాడై వస్తే బిడ్డకి జీరోడెర్మా పిగ్మెంటోజమ్ అనే జబ్బు వస్తుంది. మేనరికాల్లో దీనికి అవకాశం ఎక్కువ. ఎండ తగిలిన చోటల్లా పసిబిడ్డకి మచ్చలొస్తుంటే, వెలుతురు చూడలేకపోతుంటే వెంటనే డాక్టరుకి చూపించండి.

అయితే మనం మోసపోయేది అరికాలి దగ్గర. అక్కడ పుట్టే మెలనోమా అనే చర్మ క్యాన్సర్‌కి ఎండతో పనిలేదు, ఒంటిరంగు దాన్ని ఆపదు. మనవాళ్లలో మెలనోమా ఎక్కువగా అరికాళ్లలో, అరచేతుల్లో, గోళ్ల కింద కనిపిస్తుంది. నాన్నగారి మడమ మీద మినపగింజంత నల్లమచ్చ వీడియో కాల్‌లో చూశాను. "ఆనెకాయరా అబ్బాయ్, కోయించేశాను" అన్నారు. కోసిన ముక్కని పరీక్షకి పంపలేదు. అడగాల్సిన నేను అడగలేదు. ఏడాది తిరిగేసరికి మచ్చ రూపాయి బిళ్లంతయింది, గజ్జల్లో బిళ్ల కట్టింది. నాన్నగారు మాకు దక్కలేదు.

అరికాలి గీతలు మన వరిచేల గట్లూ బోదెల్లా ఉంటాయి. చర్మాన్ని పెద్దదిగా చూపే డెర్మోస్కోపుతో చూసినప్పుడు రంగు బోదెల్లో ఉంటే చాలావరకు మామూలు పుట్టుమచ్చే. గట్ల మీద పరుచుకుంటే అనుమానించాలి. పెరుగుతున్న మచ్చని, అంచులు చెదిరిన మచ్చని, మానని పుండుని, గోటిలో వెడల్పవుతూ మొదట్లోని చర్మానికి పాకే నల్లచారని ఆనెకాయ అనో, ముల్లు గుచ్చుకుందనో బ్లేడుతో చెక్కించకండి. బయాప్సీ చేయించండి, రిపోర్టు కళ్లారా చూడండి. పారాణి, గోరింటాకు ఉంటే రంగు పోయాక మళ్లీ చూడండి.

తలపాగా, నిండుచేతుల చొక్కా, తాటాకు గొడుగు మన తాతలు ఎండకి కనిపెట్టిన మందు. టెక్సాస్ ఎండలో ఆడుకునే మన పిల్లలకీ ఆ అలవాటు నేర్పుదాం. పెద్దల కాళ్లకు దండం పెట్టడం కూడా వాళ్లకి నేర్పుతున్నాం కదా. 2027 పుష్కరాలకి రాజమండ్రి వెళ్లినప్పుడు రేవులో అమ్మానాన్నల కాళ్లు మీ చేతులతో కడగండి. తడి తుడిచి, ఆ అరికాళ్లని వెలుతురులో ఒక్క రెండు నిమిషాలు చూడండి.