ప్రధానోపాధ్యాయుల నాయకత్వ శైలులు

ఉపాధ్యాయులను, విద్యార్థులను, తల్లిదండ్రులను బడి పనిలో కలుపుకొని నడిపించే తీరును పాఠశాల నాయకత్వం అంటారు. మొదట పరిశ్రమలు, రాజకీయాల కోసం రూపొందిన నాయకత్వ సిద్ధాంతాలలో చాలావరకు తరువాత విద్యారంగానికి అన్వయించబడినవి. తెలంగాణలోని సంగారెడ్డి జిల్లాకు చెందిన జహీరాబాదు వంటి ప్రాంతంలో వీటికి ఎదురయ్యే పరిమితులు వేరు.

సిద్ధాంతాలు

1939లో కర్ట్ లెవిన్, రోనాల్డ్ లిపిట్, రాల్ఫ్ వైట్ పదేళ్ళ బాలుర బృందాలపై జరిపిన ప్రయోగాలను ప్రకటించి, నిరంకుశ, ప్రజాస్వామిక, నిర్లిప్త అనే మూడు శైలులను పేర్కొన్నారు. నిరంకుశ నాయకుడు గదిలో ఉన్నంతసేపే పిల్లలు పని చేశారు, అతడు బయటికి వెళ్ళగానే పని మందగించింది. ప్రజాస్వామిక బృందంలో మాత్రం నాయకుడు లేకున్నా పని సాగింది. సమావేశాలకు, ఎన్నికల విధులకు తరచు బడి విడిచి వెళ్ళవలసిన ప్రధానోపాధ్యాయుని విషయంలో ఈ తేడా చిన్నదేమీ కాదు.

1978లో జేమ్స్ మెక్‌గ్రెగర్ బర్న్స్ ఇచ్చిపుచ్చుకోలుపై ఆధారపడిన నాయకత్వాన్ని, అనుచరుల ఆశయాలనే మార్చే పరివర్తన నాయకత్వాన్ని వేరుచేసి చూపాడు. హెర్సీ, బ్లాంచార్డ్‌ల ప్రకారం శైలి సందర్భాన్ని బట్టి మారాలి. ప్రధానోపాధ్యాయుడు బోధనపైనే ప్రధానంగా దృష్టి నిలపడాన్ని బోధనా నాయకత్వం అంటారు. విద్యార్థుల ఫలితాలపై దీని ప్రభావం పరివర్తన నాయకత్వం కంటే మూడు, నాలుగు రెట్లు అధికమని 2008లో వివియన్ రాబిన్సన్ బృందం తేల్చింది.

అధికార పరిధి

ప్రభుత్వ పాఠశాలలో ప్రధానోపాధ్యాయుడు తన ఉపాధ్యాయులను తాను ఎంచుకోలేడు. నియామకాలు డీఎస్సీ ద్వారా, బదిలీలు కౌన్సెలింగు ద్వారా జరుగుతాయి. జీతం పెంచే వీలు కూడా అతనికి లేదు. కనుక ఇచ్చిపుచ్చుకోలు నాయకత్వానికి ఇక్కడ చోటు స్వల్పం. అతని చేతిలో మిగిలేవి టైంటేబులు, తరగతుల కేటాయింపు, సెలవుల మంజూరు, అన్నిటికంటే ముఖ్యంగా తన నడవడి. ఏకోపాధ్యాయ పాఠశాలలో బోధకుడు, గుమస్తా, మధ్యాహ్న భోజన పర్యవేక్షకుడు ఒక్కరే అయినప్పుడు శైలుల చర్చకే అర్థం ఉండదు.

జహీరాబాదు 1956 వరకు హైదరాబాదు రాష్ట్రంలో, 2014 వరకు ఆంధ్రప్రదేశ్‌లో ఉన్నది. కర్ణాటక సరిహద్దుకు దగ్గరగా ఉండుటచేత తెలుగు, ఉర్దూ, కన్నడ ఇక్కడ వినిపిస్తాయి. తల్లిదండ్రులతో వారి భాషలో మాట్లాడగలగడం ఇటువంటి చోట నాయకత్వంలో భాగమే, అయితే పాశ్చాత్య గ్రంథాల పట్టికలలో దీనికి తగిన స్థానం దొరకదు.

ప్రజల భాగస్వామ్యం

నాయకత్వాన్ని ఒక్క వ్యక్తికి పరిమితం చేయక పలువురికి పంచడాన్ని పంపిణీ నాయకత్వం అంటారు. ఉమ్మడి రాష్ట్రంలో 1998 నాటి చట్టం పాఠశాల విద్యా కమిటీలను ఏర్పరచింది. 2010లో అమలులోకి వచ్చిన విద్యాహక్కు చట్టం యాజమాన్య కమిటీలో కనీసం మూడు వంతులు తల్లిదండ్రులు లేదా సంరక్షకులు, సగం మంది మహిళలు ఉండాలని నిర్దేశించింది. 2024లో తెలంగాణ ప్రభుత్వం అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీలను నెలకొల్పి, అధ్యక్ష స్థానాన్ని మహిళా సంఘాల నాయకురాలికి, కన్వీనరు బాధ్యతను ప్రధానోపాధ్యాయునికి అప్పగించింది. సంతకాల కోసమే కమిటీని పిలిచే ప్రధానోపాధ్యాయునికి, బడి ప్రణాళికను కమిటీ ముందుంచి చర్చించే ప్రధానోపాధ్యాయునికి చట్టం ఒక్కటే. తేడా శైలిలో ఉన్నది.

పచ్చసాలె

ప్రభుత్వ వ్యవస్థకు వెలుపల, జహీరాబాదు సమీపంలోని మాచనూరులో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ 1990వ దశకంలో పచ్చసాలె అనే బడిని ప్రారంభించింది. బడి మానిన, పనికి వెళ్ళే పిల్లల కోసం ఏర్పడిన ఈ బడిలో పాఠాలతోపాటు వ్యవసాయం, వడ్రంగం, కుమ్మరం వంటి వృత్తులను నేర్పారు. ఈ సంస్థకు ఆధారం దళిత మహిళా సంఘాలు. చదువుకు నోచుకోని రైతు స్త్రీలకు సేద్యం గురించి తెలిసినది కూడా ఇక్కడ పాఠ్యాంశమే. పంపిణీ నాయకత్వానికి ఈ ప్రాంతంలో ఇంతకంటే స్పష్టమైన ఉదాహరణ దొరకడం కష్టం. అయితే నిర్ణీత పాఠ్యప్రణాళికకు, పదవ తరగతి ఫలితాలకు జవాబు చెప్పవలసిన ప్రభుత్వ ప్రధానోపాధ్యాయునికి ఇంతటి వెసులుబాటు లేదు.