పరహస్తగతమైన విమానము

రామాయణమున పుష్పకవిమానము చేతులు మారినన్ని మారులు మరియే వాహనమును మారియుండదు. విశ్వకర్మ దానిని బ్రహ్మకొరకు నిర్మించెను. బ్రహ్మ కుబేరుని తపస్సునకు మెచ్చి యతని కొసగెను. కుబేరుని గెలిచి రావణుడు లాగుకొనెను. రావణవధానంతరము రాముడు దానిపై అయోధ్య చేరి, పిదప కుబేరుని యొద్దకే పంపివేసెను. ఉత్తరకాండలో కుబేరుడు మరల దానిని రాముని సేవకే పంపినాడు. ఇందరు యజమానులలో ఒక్కడైనను విశ్వకర్మ యింటికి పోయి, దీనిని నడుపుట యెట్లని అడిగినట్లు కవి చెప్పలేదు. అడుగ నక్కర లేకపోయినది. పుష్పకము యజమాని మనస్సు నెరిగి నడచునది. ఎవడు కూర్చున్న వాని తలంపే దానికి కళ్ళెము.

మానవుడు చేసిన విమానమునకు ఈ గుణము లేదు. అందును, ఒకడు తన యింటి షెడ్డులో తన చేతులతో కట్టుకొనిన విమానమున్నదే, అది పుష్పకమునకు సరిగా విపరీతము. నడుపువాని మనస్సు నది యెరుగదు సరికదా, కట్టినవాని మనస్సును తనలో దాచుకొని యుండును. దానిని తెలిసికొనవలసిన భారము ఎక్కినవానిది. అట్టి విమానమును ఒకడు మరియొకనికి అమ్మునప్పుడు నిజముగా చేతులు మారున దేమి, మారక నిలిచిపోవున దేమి అనునదే ఈ వ్యాసమునకు విషయము.

ఇండ్లలో విమానములు కట్టుటయా అని పాఠకులలో కొందరు నవ్వవచ్చును. అమెరికాలో ఇది నవ్వులాట కాదు. విస్కాన్సిన్ రాష్ట్రమందలి మిల్వాకీలో పాల్ పోబరెజ్నీ అను నాతడు 1953లో కొందరు మిత్రులను కూడగట్టి, ప్రయోగ విమానముల సంఘము నొకదానిని స్థాపించెను. 1970లో ఆ సంఘపు వార్షిక సమ్మేళనము అదే రాష్ట్రమందలి ఆష్కాష్ పట్టణమునకు మారినది. నాటినుండి ఆ యూరి పేరు చెప్పినచో విమానములు కట్టువారికి మనకు తిరుపతి పేరు చెప్పినట్లుండును. వీరు నమూనా పటములు కొనియో, విడిభాగముల పెట్టెలు తెప్పించుకొనియో, కొయ్య, గుడ్డ, అల్యూమినియపు రేకు, గాజునార మున్నగువానితో ఏండ్లతరబడి పని చేయుదురు. శాసనము విధించిన ముఖ్యనియమ మొక్కటి: పనిలో సగమునకు మించిన భాగము విద్యకొరకో వినోదముకొరకో పూనుకొనిన ఔత్సాహికుల చేతిమీదుగా జరిగియుండవలెను. అమెరికా రవాణా భద్రతా మండలి 2012లో ప్రకటించిన యొక పరిశీలనము ప్రకారము ఇట్టి విమానములు ఆ దేశమున ఇంచుమించు 33,000. సొంత వాడుకకును చిన్నపాటి పనులకును తిరుగు విమానములలో ఇది దాదాపు పదవవంతు.

కట్టినవా డేల యమ్మును? వయసు మీరును, చూపు తగ్గును, వైద్యుడు ఎగురవద్దనును. కొందరి కారణము వేరు. వారికి ఎగురుటకంటె కట్టుటయే యిష్టము. ఒకటి పూర్తియైనతోడనే చేతులు దురదపెట్టును, రెండవదానికి చోటు కావలెను, సొమ్ము కావలెను, మొదటిది పోవలెను. రిచర్డ్ వాన్ గ్రున్స్‌వెన్ చరిత్ర ఇందుకు చక్కని తార్కాణము. అతడు మరియొకరు కట్టిన 'స్టిట్స్ ప్లేబాయ్' అను చిన్న విమానమును కొని, రెక్కలు మార్చి, ఇంజను మార్చి, 1965లో దానికి ఆర్.వి.1 అని తన పేరు పెట్టుకొనెను. 1968లో దానిని అమ్మివేసెను. ఆ తరువాత అతడు రూపొందించిన విమానముల వంశము విస్తరించి, నేడు ఆ పేరు గల విమానములు పదివేలకు పైబడి ఎగిరినవి. ఆ మొదటిదో, పలువురు యజమానుల చేతులు మారి మారి, తుదకు అభిమానులు కొందరు బాగుచేయింపగా 2012లో ఆష్కాష్ నందలి మ్యూజియమునకు చేరినది. మూలపురుషుడే పరహస్తములలో నలుబదేండ్లు తిరిగి యింటికి వచ్చెనన్నమాట.

అమ్మకపు పత్రము మాత్రము అతిసామాన్యమైనది. ఒక పుటకు మించదు. వెల యెంతో వ్రాయుట కిష్టపడనివారు 'ఒక డాలరును, తదితర ప్రతిఫలమును' అని వ్రాసి సంతకము చేయుట అచట ఆచారము. ఆ కాగితము ఓక్లహోమా నగరమందలి రిజిస్ట్రీకి పోవును. విమానము క్రొత్తవానిది యగును. యోగ్యతాపత్రము విమానముతోడనే సాగివచ్చును. కాని రెండు మాత్రము రావు. మొదటిది పేరు. విమానమునకు అంటించిన రేకుమీద నిర్మాతగా చెక్కిన పేరు ఎందరు కొన్నను మారదు. కారు కొనినవాడు ఫోర్డు పేరు చెరపనట్లే, ఈ విమానము కొనినవాడు పొరుగూరి వడ్రంగి పేరును చెరపరాదు. శాసనము దృష్టిలో ఆ వడ్రంగియే విమాన కర్మాగారము. ఈ కారణముననే, రేపు ప్రమాదము జరిగినచో తనమీద దావా పడునేమో యను భయముతో కొందరు నిర్మాతలు అమ్మనే అమ్మరు. ఇంజను నూడదీసి అమ్ముకొని, మిగిలిన దేహమును రంపముతో కోసివేయుదురు. కన్నబిడ్డవంటి దానిని కోయుట క్రూరమే. అయినను వారిని తప్పుపట్టుటకు నాకు మనసు రాదు.

రెండవది పరీక్షాధికారము. ఇట్టి విమానమును ఏట నొకమారు విప్పి పరిశీలించి, ఎగురుటకు తగియున్నదని వ్రాయవలెను. ముఖ్యనిర్మాతకు తాను కట్టిన ఆ యొక్క విమానమువరకు ఈ పని చేయుటకు ప్రభుత్వము అధికారపత్ర మిచ్చును. అది వానికే చెందును, కొనినవానికి సంక్రమింపదు. కొనినవాడు సాధారణముగా లైసెన్సు గల మెకానిక్కును పిలిపించుకొనును. ఆలోచించి చూచినచో ఈ నియమములో గొప్ప యర్థము కలదు. యంత్రము నమ్మవచ్చునుగాని, యంత్రమును గూర్చిన ఎరుక నమ్మరాదని ప్రభుత్వము ఒప్పుకొనుచున్నది.

కర్మాగారములలో తయారగు విమానములకు ఈ చిక్కు లేదు. మన బెంగుళూరులోని హిందూస్థాన్ కర్మాగారమున తయారై 1958లో తొలిసారి యెగిరిన 'పుష్పక్' అను చిన్న విమానముపై ఫ్లయింగ్ క్లబ్బులలో ఎందరో శిక్షణ పొందిరి. ఒక పుష్పక్ నడిపినవాడు మరియొక పుష్పక్‌లో కన్నులు మూసికొని చేయి చాచినను ఏ మీట యెచట నుండునో తెలియును. అవి అచ్చుపుస్తకములవంటివి. ఇంట కట్టినవి తాళపత్ర ప్రతులవంటివి. మూలమొక్కటే, కాని వ్రాయసకాడు తనకు తోచిన చోట ఒక మాట మార్చును, ఒక చరణము సవరించును. బ్రౌను దొర ఒక్క కావ్యమునకు అన్ని ప్రతులు తెప్పించి పండితులచే సరిచూపించుటకు కారణ మిదియే కదా! తాళపత్రమున పాఠభేదమువలన అర్థము చెడును. విమానమున పాఠభేదమువలన ప్రాణము పోవును.

జాన్ డెన్వర్ మరణము ఇట్టి పాఠభేదముతో ముడిపడినది. అతడు కొండలను, పల్లెబాటలను పాడి లోకప్రసిద్ధుడైన అమెరికా గాయకుడు. విమానము నడుపుటలో క్రొత్తవాడు కాడు. 2,700 గంటలకు పైగా అనుభవము గలవాడు. అతడు కొనినది బర్ట్ రూటన్ అను మేధావి రూపొందించిన 'లాంగ్ ఈజీ'. చిన్నరెక్క ముందు, పెద్దరెక్క వెనుక, ఇంజను తోకవైపున నుండు విచిత్రాకృతి. నిర్మాత చేతినుండి మరియొక యజమానికి, అతనినుండి డెన్వర్‌నకు అది వచ్చినది. అందు పెట్రోలు టాంకులు రెండు, ఎడమ నొకటి, కుడి నొకటి. ఒకదానిలోనిది అయిపోయినచో రెండవదానికి మార్చుటకు ఒక పిడి యుండును. రూటన్ పటములలో ఆ పిడి నడుపువాని మోకాళ్ళ నడుమ, కంటి కెదురుగా నున్నది. నిర్మాత దానిని నడుపువాని యెడమ భుజము వెనుక గోడమీద అమర్చెను. అతని ఉద్దేశము చెడ్డది కాదు. మనిషి కూర్చుండు గదిలోనికి పెట్రోలు గొట్టములు రాకుండిన క్షేమమని యతడు తలంచెను. తన చేతితో అమర్చుకొనినది గనుక అతనికి దాని సంగతి తెలియును. మూడవవానికి తెలియుట యెట్లు? పిడిమీద గుర్తులు లేవు. కుడివైపునకు త్రిప్పినచో ఎడమ టాంకు తెరచుకొనును! పెట్రోలు ఎంత యున్నదో చూపు గాజుగొట్టములు వెనుక ఆసనము కడ నున్నవి. వానిమీదను గీతలు లేవు.

1997 అక్టోబరు 11న ఈ విమానముపై డెన్వర్ పొందిన పరిచయ శిక్షణ సుమారు అరగంట. మరునాటి సాయంకాలము కాలిఫోర్నియాలోని మాంటెరే విమానాశ్రయమున బయలుదేరుటకు ముందు, ఆ పిడి అందుట లేదని అతడును, ఒక మెకానిక్కును మాటలాడుకొనిరి. పిడికి పటకారు బిగించి పొడుగు చేసి చూచిరి; అయినను అందలేదు. గాజుగొట్టములను వెనుకకు చూచుకొనుటకు మెకానిక్కు ఒక చిన్న అద్ద మిచ్చెను. పెట్రోలు పోయుదునా అని అడుగగా, గంటసేపటి ప్రయాణమే కదా, వలదని డెన్వర్ చెప్పెను. మూడుమారులు దిగి యెగిరి అభ్యాసము చేసి, సముద్రతీరముమీదుగా సాగెను. పసిఫిక్ గ్రోవ్ కడ విమానము నిట్టనిలువున సముద్రమున కూలినది.

విచారణ చేసినవారు అట్టి విమానములోనే కూర్చుండి చూచిరి. ఆ పిడి నందుకొనవలెనన్న నియంత్రణ దండమును విడిచి, కుడిచేతిని ఎడమభుజము మీదుగా వెనుకకు చాచి, దేహమును మెలిత్రిప్పవలెను. అట్లు త్రిప్పునప్పుడు ఊతకొరకు కుడికాలు తనంతట చుక్కాని పెడలును తొక్కును. విమానము ప్రక్కకు ఒరిగి తలక్రిందులగును. భద్రతా మండలి ప్రధానకారణమును నడుపువానికే చెప్పినది: దృష్టి మరలుట, పెట్రోలు పోసికొనకుండుట. పిడిని అందరానిచోట నుంచిన నిర్మాత నిర్ణయమును, గుర్తులు లేకపోవుటను, శిక్షణ చాలకపోవుటను తోడుకారణములుగా లెక్కించినది. ఈ పట్టికలో నన్ను కలవరపెట్టునది ఒక్కటి. లోపము దాచబడలేదు. దానిని అందరు చూచిరి. దానిమీద పటకారు కూడ బిగించిరి. చూచుట వేరు, ఎరుగుట వేరు.

ఇది ఒక్కని దురదృష్టము మాత్రమే కాదు. పైని చెప్పిన 2012 పరిశీలనము 2011లో జరిగిన 224 ప్రమాదములను వివరముగా శోధించినది. సగమునకు మించిన విమానములు యజమాని తాను కట్టినవి కావు, పాతవి కొనినవి. వానిలో 14 క్రొత్త యజమాని మొట్టమొదటిసారి ఎగిరిన ప్రయాణముననే కూలినవి. పదునాలుగు మంది కొన్నదానిని ఇంటికి తీసికొనిపోవుటకైనను నోచుకొనలేదు. అలవాటు లేని విమానమునకు మారువారు ఎట్లు శిక్షణ పొందవలెనో తెలుపుచు అమెరికా విమానశాఖ 2011లోనే ఒక సలహాపత్రమును వెలువరించినది. ఆష్కాష్ సంఘమువారును అనుభవజ్ఞులను సలహాదారులుగా ఏర్పరచియున్నారు. ఇవి మంచివే, కాని నిర్బంధములు కావు. వెల కుదిరిన ఉత్సాహములో సలహా వినువారు తక్కువ.

మన పెండ్లిండ్లలో అప్పగింతలని యొక ఘట్టము కలదు. అప్పటికి తాళి కట్టుట, తలంబ్రాలు అన్నియు నైనవి. శాస్త్రప్రకారము మిగిలిన దేమియు లేదు. అయినను తల్లి వియ్యపురాలి చేతులు పట్టుకొని, దీనికి చలి పడదమ్మా, కోపము వచ్చిన అన్నము మానునమ్మా అని చెప్పుకొనును. నవ్వువారు నవ్వుదురు, కాని కాపురమునకు పనికివచ్చునవి ఆ మాటలే. విమానపు అమ్మకములో లేనిది ఈ అప్పగింత. నిర్మాత కొన్నవానితో రెండు మూడు దినములు గడిపి, ఈ కీలు ఇట్లేల పెట్టితిని, ఈ సూచిక రెండంకెలు ఎక్కువ చూపును, ఎండవేళ ఇంజను రెండవమారు తిరుగుటకు మొరాయించునని చెప్పవలెను. పని దినచర్య, ఛాయాచిత్రములు, బరువు లెక్కలు, చెడిపోయి మార్చిన ముక్కల జాబితా అన్నియు మూటకట్టి యీయవలెను. చెప్పినది వినుటకు తీరిక లేనివానికి, వాడు ఎంత వెల యిచ్చినను, అమ్మరాదని నా అభిప్రాయము. వెల విషయమున గట్టిగా బేరమాడువాడు ఫరవాలేదు. ప్రశ్న లడుగనివాడే అపాయకరుడు.

చెప్పవలసినవాడే లేనప్పుడు ఏమి చేయుట? కట్టుచు కట్టుచు చనిపోయినవారి షెడ్డులలో సగము కట్టిన విమానములు మిగిలిపోవును. ఒక రెక్క గోడకు ఆనియుండును, రెండవది పటములోనే యుండును. భార్యయో కొడుకో వానిని వచ్చినవెలకు అమ్ముదురు. కొనినవాడు పూర్తిచేయవచ్చును; మునుపటివాని పనికి ఆధారములున్నచో, ఔత్సాహికులు చేయవలసిన సగములో శాసనము దానిని గూడ లెక్కించును. కాని మూసివేసిన రెక్కలోపల జిగురు సరిగా పట్టినదో లేదో చెప్పువా డుండడు. తెలిసినవారు ఇట్టివానిని కొనినప్పుడు సందేహము కలిగిన అతుకునెల్ల కోసి, మరల మొదటినుండి చేయుదురు. ఖర్చు అగును, ఏండ్లు పట్టును. కాని అప్పటికి వారును నిర్మాతలే యగుదురు. విమానము వారి మనస్సును గూడ తనలో చేర్చుకొనును.

నిర్మాత బ్రదికియుండి, ఇద్దరికి పొసగినచో, మరియొక మార్గము కలదు. కట్టినవాని పరీక్షాధికారపత్రము విమానము నమ్మిన పిమ్మటను చెల్లును. అది యాజమాన్యముతో ముడిపడినది కాదు. కావున కొందరు క్రొత్త యజమానులు ఏటేటా పరీక్షకు ఆ పెద్దమనిషినే పిలిపించుకొందురు. అతడు తాను బిగించిన మరలను తానే విప్పి, మూతలు తీసి, లోపల దీపముపెట్టి చూచుచుండగా, కొనినవాడు ప్రక్కన వంగి, అతని వ్రేలు చూపినచోటెల్ల చూచుచు, చిన్న పుస్తకమున వ్రాసికొనుచుండును.